సీనరీకి ఉర్దూలో ఏమంటారు?

హైదరాబాద్‌లో ఫొటో ఫ్రేములు కట్టే ఏ దుకాణానికి వెళ్లినా 'సీనరీ' అంటే చటుక్కున అర్థమవుతుంది. రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, కిందికి దూకే జలపాతం, ఒడ్డున ఒక గుడిసె, పైన అద్దం, చుట్టూ బంగారు రంగు చట్రం. తెలుగువాళ్లూ ఆ మాటే అంటారు, ఉర్దూవాళ్లూ ఆ మాటే అంటారు. పెద్దది ఒకటి కావాలా, చిన్నవి రెండు కావాలా అని దుకాణదారు అడుగుతాడు. ఆ ప్రశ్న ఇంగ్లీషు వ్యాకరణానికి నచ్చదు. దాని లెక్కలో సీనరీని ఒకటి, రెండు అని ఎంచడానికి వీల్లేదు.

ఈ చిక్కు నా దాకా వచ్చింది ఒక మిత్రుడి కూతురి వల్ల. ఆ అమ్మాయికి ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, వీధిలో తెలుగు. ఊటీ చూసి వచ్చి రాసిన వ్యాసంలో ఆ మాటను బహువచనంలో వాడితే, టీచరు ఎర్ర సిరాతో ఏకవచనంగా దిద్దారట. "ఉర్దూలో మనాజిర్ అంటాం కదా అంకుల్, అది బహువచనమే కదా, మరి ఇది ఎలా తప్పు?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. నిఘంటువు తీస్తే సీనరీకి ఎదురుగా మంజర్, నజారా, ఖుద్రతీ మనాజిర్ అని మూడు మాటలు కనిపించాయి. మూడూ సరైనవే. అయితే ఏ ఒక్కటీ ఆ ఇంగ్లీషు మాటతో అంచులు కలిపి కూర్చోదు.

ముందు సులువైన ముడి విప్పుకుందాం. మెషినరీ, జ్యువెలరీ, పొయెట్రీ లాంటి ఇంగ్లీషు మాటలన్నీ మూటపేర్లు. యంత్రాన్ని లెక్కపెట్టవచ్చు, మెషినరీని లెక్కపెట్టలేం. పద్యానికి లెక్క ఉంది, పొయెట్రీకి లేదు. అలాగే సీన్ ఒకటి, రెండు, పది. సీనరీ మాత్రం ఆ పదింటినీ చుట్టేసిన మూట. తెలుగులో 'పచ్చదనం' ఇలాంటిదే, 'పచ్చదనాలు' అని ఎవరూ అనరు. ఉర్దూ పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ 'హరియాలీ'. ఎంత దూరం పరుచుకున్నా హరియాలీ ఒక్కటే. సీనరీ హరియాలీలా నడుచుకుంటుంది, మనాజిర్‌లా కాదు అని చెబితే సగం పని అయిపోతుంది.

మనాజిర్ సంగతి వేరు. అరబీ నుంచి వచ్చిన మాటలు బహువచనమైనప్పుడు చివర ప్రత్యయం తగిలించుకోవడం కంటే కడుపులోని అచ్చులనే మార్చుకోవడం ఎక్కువ. మస్జిద్ మసాజిద్ అవుతుంది, మద్రసా మదారిస్ అవుతుంది, మంజర్ మనాజిర్ అవుతుంది. క్రియ కూడా బహువచనంలోనే వస్తుంది. ఇంట్లో పుట్టినప్పటి నుంచి అలా విన్న పిల్ల ఇంగ్లీషులో సీనరీని బహువచనం చేయడం అజాగ్రత్త కాదు. తన భాషలోని కొలతబద్దతో పక్కింటి స్థలాన్ని కొలిచింది, అంతే. ఎర్ర సిరా దిద్దింది కానీ ఎందుకో చెప్పలేదు.

అసలు తేడా మాత్రం వ్యాకరణంలో లేదు. ఆ మాటలు ఎక్కడ పుట్టాయన్న దానిలో ఉంది.

సీనరీ పుట్టింది నాటకశాలలో. గ్రీకు భాషలో 'స్కేనే' అంటే గుడారం, డేరా. ఆరుబయట నాటకం ఆడేచోట వెనకగా వేసిన డేరాలో నటులు ముసుగులు మార్చుకునేవారు. క్రమంగా ఆ డేరా కట్టడమైంది, దాని ముందు భాగానికి రంగుల బొమ్మలు అమరాయి. లాటిన్, ఇటాలియన్ దారుల్లో ఆ మాట ఇంగ్లీషుకు చేరింది. 18వ శతాబ్దం మధ్యలో కూడా సీనరీ అంటే రంగస్థలం మీది తెరలూ, రంగు పలకలే. ఆ శతాబ్దం చివరి పాతికేళ్లలోనే అది నాటకశాల గుమ్మం దాటి కొండల మీదికి, నదుల మీదికి పాకింది. అంటే ఇంగ్లీషువాళ్లు ముందు తెర మీద కొండను చూసి, తర్వాత కొండను చూసి 'అచ్చం తెరలా ఉందే' అనుకున్నారు.

ఇది నా అతిశయోక్తి కాదు. ఆ కాలంలోనే ఇంగ్లాండులో ప్రకృతి అందాలు చూడటానికి బయల్దేరే యాత్రికులు కొందరు ఒక చిన్న అద్దం వెంట తీసుకెళ్లేవారు. కొద్దిగా ఉబ్బెత్తుగా, నల్లని ఛాయతో ఉండే ఆ అద్దానికి 17వ శతాబ్దపు చిత్రకారుడు క్లాడ్ లొరేన్ పేరు మీద 'క్లాడ్ అద్దం' అని పేరు. కొండకు వీపు పెట్టి నిలబడి, అద్దంలో పడిన కొండను చూసేవారు. అందులో రంగులు మెత్తబడి, దృశ్యమంతా ఒక చట్రంలో ఇమిడి, ఆ చిత్రకారుడు గీసిన బొమ్మలా కనిపించేది. జలపాతానికి వీపు పెట్టి ఫోను చూసుకునే మన కాలపు యాత్రికులను తిట్టేవాళ్లు ఆ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

ల్యాండ్‌స్కేప్ కథా దాదాపు ఇదే. అది డచ్ చిత్రకారుల నుంచి 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మొదట బొమ్మకు పేరు, తర్వాతే నేలకు. ఒకటి తెర మీది నుంచి, ఇంకొకటి బొమ్మ మీది నుంచి దిగివచ్చాయి కాబట్టి ఈ రెండు మాటల్లోనూ చూసేవాడు బయట కూర్చుని ఉంటాడు. తాను ప్రేక్షకుడు, ఎదుటిది ప్రదర్శన.

తెర మీది బొమ్మ మనకూ కొత్తది కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల అడవి తెర, నది తెర, కోట తెర చూసినవాళ్లకు సీనరీ అసలు అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఉర్దూకు ఈ తెరలు పారసీ నాటక కంపెనీల ద్వారా పరిచయమయ్యాయి. వాటితో పాటు వచ్చిన ఒక ఇంగ్లీషు మాట ఉర్దూలో ఎంత బాగా కాపురం పెట్టిందంటే, దాని పుట్టిల్లే దాన్ని దాదాపు మరిచిపోయింది. 'డ్రాప్ సీన్' అంటే అంకానికీ అంకానికీ మధ్య కిందికి దించే బొమ్మల తెర. నేటి ఉర్దూ పత్రికల్లో, ముఖ్యంగా పాకిస్తాన్ పత్రికల్లో, కిడ్నాప్ కేసు తేలినా, రాజకీయ సంక్షోభం ముగిసినా 'డ్రాప్ సీన్ అయింది' అని రాస్తారు. మనం 'తెర పడింది' అంటామే, సరిగ్గా అదే. సీను తెలుగులోకి సినిమా గుండా వచ్చి 'అతనికి అంత సీను లేదు' అనేదాకా ఎదిగింది. ఉర్దూలో నాటకం గుండా వచ్చి వార్తల్లో స్థిరపడింది.

ఇక ఉర్దూ సొంత మాట మంజర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ తెర లేదు, రంగు లేదు, డేరా లేదు. కన్ను ఒక్కటే ఉంది. అరబీలో చూపుకు సంబంధించిన మూడు హల్లుల ధాతువు ఒకటి ఉంది. దాని నుంచే నజర్ వచ్చింది. ధాతువుకు ముందు 'మ' చేరిస్తే, ఆ పని జరిగే చోటు అనే అర్థం వస్తుంది. ఈ కిటుకు అరబీ రాని తెలుగువాళ్లకు కూడా తెలియకుండానే తెలుసు. నిలబడే చోటు మకాం. ప్రయాణంలో దిగే చోటు మంజిల్, మన నోట్లో పడి మజిలీ. సాగిలపడే చోటు మసీదు. చదువుకునే చోటు మదరసా. అదే వరసలో, చూపు నిలిచే చోటు మంజర్. చూపుకు అదొక మజిలీ అనుకోవచ్చు.

ఈ ధాతువు సంతానాన్ని వరసగా నిలబెడితే నాకు మరీ ముచ్చటేస్తుంది, ఎందుకంటే తెలుగు దాని పక్కనే అడుగులో అడుగు వేసి నడుస్తుంది. నజర్ అంటే చూపు, 'నజర్ తగిలింది' అంటే దిష్టి తగిలింది. దృష్టే కదా దిష్టి అయింది! నజర్ నుంచి మంజర్ వచ్చినట్టే దృష్టి పుట్టిన ధాతువు నుంచే దృశ్యం వచ్చింది. నజీర్ అంటే పోలిక, ఉదాహరణ, కోర్టు భాషలో మునుపటి తీర్పు. మన నిదర్శనంలోనూ ఉన్నది చూపే. ఇంతిజార్ అంటే నిరీక్షణ, అదీ ఇదే ధాతువు. ఇక్కడ అచ్చతెలుగు కూడా వచ్చి చెయ్యి కలుపుతుంది. నిరీక్షణను మనం ఎదురుచూపు అంటాం. కనిపెట్టుకుని చూసేవాడు నాజిర్. కోర్టుల్లో సమన్ల బట్వాడా వంటి పనులు చూసుకునే ఉద్యోగిగా, నాజరు అన్న పేరుతో ఆ మాట మన దగ్గరా చేరింది. ఉర్దూ టీవీలో ప్రేక్షకులను 'నాజిరీన్' అని సంబోధించడం ఛానల్ మార్చేటప్పుడు మీరు విని ఉంటారు.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దుకోవాలి. ఎన్నికల రోజుల్లో మన పత్రికల్లో కనిపించే 'నజరానా' ఈ కుటుంబంలోది కాదు. అది మొక్కుబడి, కానుక అనే అర్థమున్న వేరే మాట నుంచి వచ్చింది. ఉర్దూ లిపిలో 'జ' వంటి ధ్వనికి నాలుగు వేర్వేరు అక్షరాలున్నాయి, నోటితో పలికితే నాలుగూ ఒకటే. బజారు, నజరానా, హాజరు, నాజరు అన్న నాలుగు తెలుగు మాటల్లోని నాలుగు 'జ'లూ ఉర్దూలో నాలుగు వేర్వేరు అక్షరాలు. తెలుగులోకి వచ్చేసరికి నలుగురూ ఒకే చొక్కా తొడుక్కున్నారు, ఎవరు ఎవరి బంధువో పోల్చుకోవడం కష్టమైంది. మంజర్, మంజిల్ చెవికి అన్నదమ్ముల్లా వినిపించినా వాటి ధాతువులు వేరు. పైన చూపుకు మజిలీ అన్నది నా సరదా మాటే తప్ప వ్యుత్పత్తి కాదు.

మంజర్ కన్ను నుంచి పుట్టింది కాబట్టి కన్ను చూసేదంతా దానిలో పడుతుంది. ఇదే అనువాదంలో అసలైన గోతి. ఉర్దూ వార్తలో రైలు ప్రమాద స్థలాన్ని 'దర్దనాక్ మంజర్' అంటారు, అంటే గుండె పిండే దృశ్యం. పెళ్లిలో అప్పగింతల వేళా మంజరే, వరదలో కొట్టుకుపోయిన ఊరూ మంజరే. తెలుగు 'దృశ్యం' కూడా ఇంత విశాలమైనదే. సీనరీకి ఆ వైశాల్యం లేదు. అది ఎప్పుడూ అందంగానే ఉండాలి, అందులోనూ మనుషుల అందం కాదు, చెట్టూ చేమా గుట్టా ఏరూ. ప్రమాద స్థలాన్ని ఇంగ్లీషులో సీన్ అనవచ్చు. సీనరీ అంటే మాత్రం చెప్పేవాడికి మతి చలించిందనుకుంటారు.

మంజర్ ఇంకా చాలాచోట్ల తిరిగింది. పస్‌మంజర్ అంటే వెనకనున్న దృశ్యం, ఒక ఘటనకు ముందు నడిచిన కథ, మన నేపథ్యం. విచిత్రమేమిటంటే నేపథ్యం కూడా రంగస్థలం మాటే, తెర వెనక నటులు వేషం వేసుకునే చోటు. గ్రీకు డేరా, సంస్కృత నేపథ్యం చేసిన పని ఒక్కటే, చివరికి చేరుకున్న చోట్లే వేరు. మంజర్‌నామా అంటే సినిమా స్క్రీన్‌ప్లే. రాజకీయాల్లో 'సియాసీ మంజర్‌నామా' అంటే నేటి రాజకీయ చిత్రం. ఇంగ్లీషు పత్రికలు ఇదే చోట ల్యాండ్‌స్కేప్ అని రాస్తాయి, కానీ అలాంటి వాక్యాన్ని నేల, భూమి అన్న మాటలు పెట్టి ఉర్దూ చేస్తే నవ్వుతారు. అక్కడ మంజర్‌నామాయే అతుకుతుంది.

మంజర్ మరీ వెడల్పు కావడం వల్లే సీనరీ అని చెప్పడానికి దానికి ముందు 'ఖుద్రతీ' అన్న విశేషణం తగిలించాల్సి వస్తుంది. ఆ చిన్న విశేషణం లోపల ఒక పెద్ద తగువు దాగి ఉంది.

ప్రకృతి అన్న అర్థానికి ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఖుద్రత్ అంటే మూలార్థంలో శక్తి, సామర్థ్యం. ఆ శక్తి దేవుడిది. కాబట్టి ఖుద్రతీ మనాజిర్ అన్నప్పుడు, వాడేవాళ్లు ప్రతిసారీ తలుచుకోకపోయినా, సృష్టికర్త చేతి పని అన్న ధ్వని అందులో ఉంది. రెండోది ఫిత్రత్, పుట్టుకతో వచ్చిన స్వభావం. ఇంగ్లీషు 'నేచర్'లో ఈ రెండు అర్థాలూ ఒకే చోట ఉన్నాయి. 19వ శతాబ్దంలో ముస్లిం సంస్కర్త సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్, ఆయన అనుయాయులు ఆ ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు 'నేచర్' అనే ఉర్దూలో రాశారు. ప్రకృతి నియమాలకూ మతానికీ వైరుధ్యం లేదన్నది వారి వాదం. వ్యతిరేకులు వారిని 'నేచరీ'లని ఎద్దేవా చేశారు, ఒక మామూలు ఇంగ్లీషు మాట తిట్టుగా మారింది. ఆ తగువులో ఒక ఘట్టం హైదరాబాద్‌లోనే నడిచింది. ముస్లిం ఆలోచనాపరుడు జమాలుద్దీన్ అఫ్ఘానీ 1880 ప్రాంతంలో ఈ నగరంలో ఉంటూ, నేచరీలను ఖండిస్తూ ఫారసీలో ఒక గ్రంథం రాశాడు. సీనరీ అర్థం వెతుక్కుంటూ బయల్దేరినవాడు వేదాంత చర్చలోకి వచ్చి పడతాడంటే ఇలాగే మరి.

కవుల దారి వేరుగా సాగింది. 1874లో లాహోర్‌లో అంజుమన్-ఎ-పంజాబ్ అనే సంస్థ ఒక కొత్త తరహా ముషాయిరాలు, అంటే కవి సమ్మేళనాలు, పెట్టింది. అంతవరకు వాడుకలో ఉన్న పద్ధతి మన సమస్యాపూరణానికి దూరపు చుట్టం. ఒక పాదం ఇస్తే ఆ ఛందస్సులో, ఆ ప్రాసలో కవులు గజల్ అల్లుకొచ్చేవారు. ఇక్కడ పాదానికి బదులు వర్షాకాలం, చలికాలం వంటి వస్తువు ఇచ్చారు. వెనక ఉన్నది పంజాబ్ విద్యాశాఖ ఆంగ్ల అధికారి హాల్రాయిడ్ ప్రోత్సాహం, ముందు నడిచింది మహమ్మద్ హుస్సేన్ ఆజాద్, అల్తాఫ్ హుస్సేన్ హాలీ. వానాకాలం మీద హాలీ రాసిన నజ్మ్, అంటే ఒకే వస్తువు మీద నడిచే కవిత, ఇప్పటికీ పిల్లల పాఠాల్లో కనిపిస్తుంది. తర్వాత 1893లో కవిత్వం గురించి రాస్తూ ఆయన 'నేచరల్ షాయిరీ' అన్న మాటనే వాడాడు, ఉర్దూలో సరైన మాట దొరకనట్టు.

ఉర్దూ కవిత్వానికి ప్రకృతి ఇంగ్లీషువాళ్లు వచ్చి చూపించాకే కనిపించిందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. లక్నోలో మీర్ అనీస్ తన మర్సియా శోకగీతాల్లో కర్బలా ఎడారి మీద తెల్లవారడాన్ని వర్ణించిన తీరు మంజర్‌నిగారీకి, అంటే దృశ్యవర్ణనకు, నేటికీ గీటురాయి. ఆయన 1874లోనే కన్నుమూశాడు, లాహోర్ ముషాయిరాలతో ఆయనకు పని లేకుండా. ఇంకా వెనక్కి వెళ్తే 1580 నుంచి 1612 దాకా గోల్కొండను ఏలిన మహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా దక్కనీలో వానరాక మీద పద్యాలు రాశాడు. ఆ పద్యాల్లో వాన రుతువు పేరు 'మిర్గ్'. మన మృగశిర కార్తే! రైతు దుక్కికి సిద్ధమయ్యే కార్తె పేరు సుల్తాను కవిత్వంలోకి నడిచివచ్చింది. అక్కడ చూసేవాడు బయట కూర్చోలేదు, తడుస్తూ ఉన్నాడు.

మిగిలిన రెండు ఉర్దూ మాటల సంగతి చెప్పేస్తాను. నజారా కూడా ఆ ధాతువుదే, కానీ అది చూసిన వస్తువు కంటే చూడటంలోని ఆనందం వైపు మొగ్గుతుంది. 'నజారా కర్నా' అంటే తనివితీరా చూడటం. శిఖరం మీది నుంచి లోయ ఒక్కసారిగా విచ్చుకుంటే నోట వచ్చేది నజారాయే, మంజర్ కాదు. ఇంగ్లీషు 'వ్యూ' దీనికి దగ్గర. ఇంకొకటి సమా, కొందరు ముక్కుతో సమాఁ అంటారు. అది దృశ్యానికి వేళ, గాలి, మనసు కలిపిన మాట. సాయంత్రం, చిరుజల్లు, దూరంగా పాట, వీటిలో ఒకటి తీసేసినా సమా చెదిరిపోతుంది. గాయకుడు సమా కట్టాడంటారు. మనం కచేరీ రక్తి కట్టిందంటామే, అలా.

ఇంగ్లీషులో మిగిలిన వాటిలో విస్టా ఒకటి ఆగి చూడదగ్గది. రెండు పక్కలా చెట్ల వరసలు కంచె కట్టినట్టుండి, మధ్యలోంచి చూపు సూటిగా ఒక గమ్యం దాకా సాగితే అది విస్టా. రాష్ట్రపతి భవన్ నుంచి ఇండియా గేట్ దాకా ఉన్న ఢిల్లీ దారిని తలుచుకుంటే చాలు, దానికి సెంట్రల్ విస్టా అన్న పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఉర్దూ పత్రికలూ, తెలుగు పత్రికలూ దాన్ని అలాగే ఉంచి రాశాయి, నా దృష్టిలో మంచి పని చేశాయి. ఇక పనోరమా 18వ శతాబ్దం చివర రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు గుండ్రటి భవనం లోపలి గోడ పొడవునా చిత్రం వేసి ప్రదర్శించినప్పుడు వాడుకలోకి వచ్చిన మాట. అదీ మళ్లీ బొమ్మే, మళ్లీ టికెట్ కొన్న ప్రేక్షకుడే.

ఇదంతా ఆ అమ్మాయికి ఒక్క సాయంత్రంలో చెప్పలేదు. హరియాలీ పోలిక చెప్పాను, వెంటనే పట్టుకుంది. డేరా కథ చెబితే నవ్వింది. చివరికి లేచి, గోడకు తగిలించి ఉన్న జలపాతం పటం చూపించి, "మరి దీన్ని సీనరీ అనడం కూడా తప్పేనా అంకుల్? మా అబ్బా వీటిని జతగా కొన్నారు, రెండోది లోపలి గదిలో ఉంది" అంది.

తప్పని చెప్పబోయి ఆగిపోయాను. నాటకశాలలో పుట్టినప్పుడు ఆ మాటకున్న అర్థం రంగులేసిన బొమ్మే. కొండలూ నదులూ తర్వాత వచ్చి చేరాయి. ఊటీ విషయంలో టీచరు దిద్దింది సరైనదే. గోడ మీది పటం విషయంలో మాత్రం ఫ్రేముల దుకాణంవాడు నిఘంటువు కంటే పాత అర్థాన్ని పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్లతో లోపలి గదిలోకి వెళ్లి రెండో సీనరీ కూడా చూసి వచ్చాను. అందులో గుడిసె లేదు, పడవ ఉంది.